ఫొటోలతో చేసిన వీడియో లాప్‌టాప్‌లో వస్తుంది, టీవీలో రాదు: ఏం చేయాలి?

మా పెద్దనాన్న షష్టిపూర్తికి పాత ఆల్బమ్ ఫొటోలు 140 స్కాన్ చేసి ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో (కమాండ్లు టైప్ చేసి వీడియోలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) వీడియో చేశా, లాప్‌టాప్‌లో వీఎల్‌సీలో బానే ఉంది, తీరా ఫంక్షన్ హాల్ టీవీకి పెన్‌డ్రైవ్ పెడితే పాట వస్తోంది, బొమ్మ లేదు. "అయిందేంట్రా?" అని పెద్దమ్మ నాలుగుసార్లు అడిగింది. ఎవరి దగ్గరో హెచ్‌డీఎంఐ కేబుల్ దొరికి పరువు దక్కింది అనుకోండి.

మీకూ ఇదే అయితే ముందు పిక్సెల్ ఫార్మాట్, అంటే వీడియోలో పిక్సెళ్ల రంగు ఏ పద్ధతిలో రాశారో, చూడండి. పీఎన్‌జీ ఫొటోలిస్తే ఎక్స్264 (ఎఫ్ఎఫ్ఎంపెగ్ వీడియోని కుదించడానికి వాడే ఎన్‌కోడర్) మామూలుగా ప్రతి పిక్సెల్‌కీ విడిగా రంగు ఉంచే వైయూవీ444పీలో రాసేస్తుంది, వీఎల్‌సీ సాఫ్ట్‌వేర్‌తో డీకోడ్ చేస్తుంది కాబట్టి దానికి ఓకే, టీవీల్లో ఉండే చిప్‌లకి మాత్రం ఎక్కువగా రంగు వివరాలు తగ్గించి రాసే 420 ఒక్కటే తెలుసు. అవుట్‌పుట్ ఫైల్ పేరుకి ముందు పిక్స్ అండర్‌స్కోర్ ఎఫ్ఎంటీ అనే ఆప్షన్‌కి వైయూవీ420పీ అని ఇచ్చి మళ్లీ తీయండి.

అది మార్చగానే "విడ్త్ 2తో భాగించబడదు" అనో "హైట్ 2తో భాగించబడదు" అనో ఎర్రర్ రావొచ్చు. నా మొదటి స్కాన్ 1365 బై 911, ఇంకేముంది. 420లో నాలుగు పిక్సెళ్లకి కలిపి రంగు ఒకటే, అందుకే రెండు వైపులా సరి సంఖ్యే కావాలి. బేసి ఉన్న వైపు ఒక్కో పిక్సెల్ కోసేస్తే ఎర్రర్ పోతుంది గానీ అసలు తిప్పలు పోవు, ఎందుకంటే సైజులు వేరువేరుగా ఉంటే మిగతావన్నీ ఎఫ్ఎఫ్ఎంపెగ్ మొదటి ఫొటో సైజుకి లాగేస్తుంది, నిలువు ఫొటోలో మా తాతయ్య పూరీలా ఉబ్బిపోయాడు. స్కేల్ ఫిల్టర్‌తో కొలతల నిష్పత్తి చెడకుండా 1920 బై 1080లోకి కుదించి, మిగిలిన చోటు ప్యాడ్ ఫిల్టర్‌తో నలుపు నింపండి.

ఐదు సెకన్లలో వీడియో అయిపోతోందా? ఏమీ చెప్పకపోతే సెకనుకి 25 ఫొటోలు, 140కి ఐదున్నర సెకన్లే మరి. ఫ్రేమ్‌రేట్ 1/4 అని (అంటే ఒక్కో ఫొటో నాలుగు సెకన్లు) ఇన్‌పుట్‌కి ముందు ఇవ్వండి, తర్వాత పెడితే పనిచేయదు. అవుట్‌పుట్‌కి వేరేగా సెకనుకి 25 ఫ్రేమ్‌లని ఇవ్వడం మర్చిపోవద్దు, లేకపోతే కొన్ని ప్లేయర్లు మొదటి ఫొటో దగ్గరే బిగుసుకుపోతాయి. కొన్ని ఫొటోలే వచ్చి వీడియో మధ్యలో ఆగిపోతే ఫైల్ నంబర్లలో ఎక్కడో ఒకటి ఎగిరిపోయినట్టే, వరసగా రీనేమ్ చేయండి.

ఎడిటర్‌లో ముందుకీ వెనక్కీ జరిపితే పట్టేస్తోందంటే కీఫ్రేమ్‌లు (ముందు ఫ్రేమ్‌ల మీద ఆధారపడకుండా పూర్తిగా రాసిన ఫ్రేమ్‌లు) దూరంగా ఉన్నట్టు, ఎక్స్264 డిఫాల్ట్‌గా 250 ఫ్రేమ్‌ల దాకా వదిలేస్తుంది, దాన్ని 25కి తగ్గించండి. అయినా ఎడిటింగ్‌కే అయితే వీడియోగా మార్చడం ఎందుకండీ, ఫొటోలే టైమ్‌లైన్ మీద వేసుకోండి.