టిప్పు ఇచ్చే ముందు బిల్లు చదవండి

హోటల్లో బిల్లు రాగానే టిప్పు కోసం జేబులో చెయ్యి పెట్టకండి, ముందు కింది వరసలు చూడండి. జీఎస్టీ కట్టాల్సిందే. ‘సర్వీస్ ఛార్జ్’ అని 5 శాతమో 10 శాతమో కలిపితే మాత్రం అదీ టిప్పే, పేరే వేరు. అలా అడక్కుండా కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టూ దాన్ని సమర్థించింది. తీసేయమని మామూలుగా అడగండి, గొడవ అక్కర్లేదు. కుదరదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. నేనోసారి చూసుకోక రెండూ ఇచ్చి వచ్చాను!

అన్నట్టు, ఫోన్‌తో కట్టడం మొదలయ్యాక జేబులో చిల్లరే ఉండట్లేదు. వడ్డించిన మనిషికి ఇవ్వాలనిపిస్తే ఓ యాభై నోటు విడిగా ఉంచుకోండి, నేరుగా చేతికే ఇవ్వొచ్చు.