టైటిల్ వెనక తెల్ల డబ్బా: 4వ పాఠం

పోయిన పాఠంలో టైటిల్ చేసి పెళ్లి వీడియో మీద పెట్టమన్నాను. మీరు పంపినవి చూస్తే చాలామందిది ఒకటే గోస, అక్షరాల వెనక తెల్ల డబ్బా. ఒకదాంట్లోనైతే పెళ్లికూతురు మొహమే దాని కిందికి పోయింది. అందుకని ఇవాళ అనుకున్న అక్షరాల కదలిక పక్కకు పెట్టి, ముందు దీని సంగతి చూద్దాం.

తప్పు నాదే, టైటిల్ బొమ్మను జేపీజీ ఫైల్‌గా కాదు, పీఎన్‌జీ ఫైల్‌గా తీయమని గట్టిగా చెప్పలేదు. బొమ్మలో ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలుంటాయి. పీఎన్‌జీలో నాలుగోది కూడా దాచుకోవచ్చు, దాన్ని ఆల్ఫా అంటారు. అది 0 అయితే ఆ చుక్క అసలు కనబడదు, 255 అయితే నిండుగా కనబడుతుంది, మధ్యలో ఉంటే పల్చగా. జేపీజీలో ఆ నాలుగో అంకెకు చోటే లేదు. ఒకాయన ఫైల్ పేరు చివర జేపీజీ కొట్టేసి పీఎన్‌జీ అని రాసి పంపాడు. సీసా మీద చీటీ మారిస్తే లోపలి నూనె మారుతుందా! ఇంకొకరు అంతా సరిగ్గా చేసి వాట్సాప్‌లో ఫొటోలా పంపారు, అది దారిలోనే జేపీజీ అయింది. డాక్యుమెంట్‌గా పంపండి.

ఇప్పుడు నాకు చిరాకు తెప్పించేది. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద టైటిల్ రాసి, తర్వాత మ్యాజిక్ వాండ్‌తో, అంటే నొక్కిన చోటి రంగును ఎంచే పనిముట్టుతో, తెలుపు మీద నొక్కి డిలీట్ కొట్టడం. వాండ్ మామూలుగా నొక్కిన చోటికి అంటుకుని ఉన్న తెలుపునే పడుతుంది, సున్నా లోపలిది గోడ అవతల ఉన్నట్టు, దానికి అందదు. 'వరంగల్' అని రాస్తే సున్నాలో ఒక తెల్ల బిళ్ల, ర పొట్టలో ఇంకోటి మిగులుతాయి. 'సంబురం'లో సున్నాలే రెండు. ఖిలా వరంగల్ తోరణం బొమ్మ పెట్టినవాళ్లకైతే స్తంభాలకూ దూలాలకూ మధ్య సందులు సున్నం కొట్టినట్టు తేలాయి. వాండ్‌లో కంటిగ్యుయస్ (అంటుకున్నదే పట్టు) అనే టిక్ తీసేస్తే అన్నీ పోతాయి కదా అంటారు. పోతాయి, వాటితో పాటు మీరు అంచున పెట్టిన మల్లెపూలు కూడా పోతాయి. పైగా అక్షరం అంచు చుక్కల్లో తెలుపు కలిసిపోయి ఉంటుంది, రాత్రి బరాత్ సీన్ మీద పెట్టి చూడండి, అక్షరాలకు పిండి అంటినట్టుంటుంది.

అసలు తెలుపు వేయడమెందుకు, తీయడమెందుకు? జింప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో కొత్త ఫైల్ 1920×1080 తీసుకుని, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ఫిల్ విత్ దగ్గర ట్రాన్స్‌పరెన్సీ పెట్టండి. బూడిద గళ్లు కనబడతాయి, అవి బొమ్మలో ఉండవు, ఖాళీకి గుర్తు అంతే. (నెట్‌లో దింపిన కొన్ని బొమ్మల్లో ఆ గళ్లే నిజంగా గీసి ఉంటాయి, వాటి జోలికి పోకండి.) రాసి, సేవ్ కాదు, ఎక్స్‌పోర్ట్ కొట్టి పీఎన్‌జీ చేయండి. పై ట్రాక్‌లో పెట్టడం మీకు తెలిసిందే.

మనకు పని ఇచ్చిన పార్టీవాళ్లు తెలుపు మీదున్న లోగోనే ఇస్తే నేను జింప్ కలర్స్ మెనూలో, తెలుపును ఖాళీగా మార్చే కలర్ టు ఆల్ఫాతో కానిచ్చేస్తాను, సున్నా లోపలి తెలుపు కూడా పోతుంది. నల్ల అక్షరాలకు బ్రహ్మాండం. లేత గులాబీ అక్షరాలైతే అవే పల్చబడతాయి, జాగ్రత్త.

కదిలే టైటిల్‌ను మనం రోజూ తీసే ఎంపీ4లో పెడితే ఆల్ఫా రాదు. ప్రోరెస్ 4444 అనే వీడియో ఫార్మాట్‌లో తీయండి, అందులో చివరి 4 ఆల్ఫాదే. ప్రోరెస్ 422లో రాదు.

సాధన: 'బంగారు బతుకమ్మ సంబురం' అని ఒకసారి వాండ్‌తో, ఒకసారి ఖాళీ ఫైల్‌లో చేయండి. రెండింటినీ ఒక మిట్టమధ్యాహ్నం సీన్ మీద, ఒక రాత్రి సీన్ మీద పెట్టి, 400 శాతం జూమ్‌లో ప్రతి సున్నా, ప్రతి ర చూసి, ఎక్కడ తెలుపు మిగిలిందో కాగితం మీద రాయండి. నాలుగు ఫ్రేములూ, ఆ కాగితమూ పంపితేనే అక్షరాల కదలిక మొదలుపెడతాను.