పిల్ల టరంటులాల రంగు చూసి తొందరపడకండి

1899లో మన గుత్తిలో దొరికి, ఆ ఊరి పేరే పెట్టుకున్న నీలి టరంటులా (ఒళ్లంతా వెంట్రుకలుండే పెద్ద సాలీడు) ఉంది కదా, దాని పిల్లల ఫొటోలు రెండు పక్కపక్కన పెట్టి, "ఇది వేరే జాతేమో" అని నేనూ ఒకసారి తెగ వాదించాను. తర్వాత తెలిసింది, ముందు చూడాల్సింది రంగు కాదు, కుబుసం. విడవబోయే ముందు పిల్ల బూడిద పూసినట్టు మసకబారుతుంది. విడిచిన కొత్తలో అదే పిల్ల కడిగిన గాజులా నిగనిగలాడుతుంది. తోబుట్టువులన్నీ ఒకే రోజు విడవవు, తేడా అక్కడే. ఒకే గుడ్ల సంచిలోంచి వచ్చినా ఒకటి ఎక్కువ తిని ముందే పెరుగుతుంది, నీలం కూడా వయసుతోనే చిక్కబడుతుంది.

పైగా ఆ నీలం రంగు పదార్థం కాదు, వెంట్రుకల్లోని అతి సూక్ష్మ నిర్మాణం వెలుతురును తిప్పికొట్టడం వల్ల వచ్చేది. ఫ్లాష్ పడితే మెరుస్తుంది, మసక వెలుతురులో దాదాపు నల్లగా ఉంటుంది. కాబట్టి ఒకే వెలుతురు, ఒకే సైజు పిల్లలు ఉండాలి. అప్పుడు కాళ్ల మీది పసుపు మచ్చలు, పొట్ట మీది తెల్లటి గీతలు పోల్చండి.

అంతరించిపోయే దశలో ఉన్న ప్రాణి ఇది. నల్లమల వైపు కనబడితే, ఫొటో కోసం తొర్రలో పుల్ల పెట్టి కెలకొద్దు.