ఆ ఎర్ర హోటల్ గీసేటప్పుడు బురుజు జోలికి ముందే పోకండి

లండన్ సెయింట్ పాంక్రాస్ స్టేషన్ ముందున్న పాత మిడ్‌ల్యాండ్ గ్రాండ్ హోటల్ ఫొటో ఇస్తే, సత్యనారాయణపురంలో మా డాబా మీద డ్రాయింగ్ నేర్చుకునే పిల్లలు ముందు గడియారం బురుజే గీస్తారు. మొన్న ఒకబ్బాయికి గడియారం దాకా వచ్చేసరికి షీటు అయిపోయింది. "గుండు చేయించుకున్నట్టుంది మాస్టారూ" అని వాడే నవ్వాడు.

బురుజు ఎత్తు సుమారు 82 మీటర్లు. 1:500 స్కేలులో 16.4 సెంటీమీటర్లు. ఏ3 షీటు అడ్డంగా పెట్టి, కుడివైపు ఆ ఎత్తుకి పైనా కిందా రెండు చుక్కలు పెట్టి వదిలేయండి. ఎడమ చివర భవనం రోడ్డువైపు వంపు తిరుగుతుంది. దానికీ చోటు ఉంచండి.

తర్వాత అంతస్తుల గీతలు. స్కేలుతో సమానంగా కొట్టేస్తే బొమ్మ మన అపార్టుమెంటులా తయారవుతుంది. 1873లో తెరిచిన ఈ హోటల్లో ఖరీదైన గదులు కింది అంతస్తుల్లో ఉండేవి, పైకి పోయేకొద్దీ అద్దె తగ్గేది. లిఫ్టు ఉన్నా అంతే! దీన్ని డిజైన్ చేసిన ఆర్కిటెక్ట్ జార్జ్ గిల్బర్ట్ స్కాట్ ఆ తేడాని గోడమీదే చూపించాడు. కింద పెద్ద కిటికీలు, మొనదేరిన ఆర్చీలు, నగిషీలు. పైన చిన్నవి, సాదావి. అందుకే కిటికీలు కింది వరస నుంచే మొదలుపెట్టండి. ఒక్క కిటికీ దగ్గరగా చూసి పూర్తిగా గీయండి. ఆర్చీలో ఎర్ర ఇటుక, లేతరంగు రాయి పట్టీలు ఎక్కడ మారుతున్నాయో అందులోనే చూపించి, మిగతావాటికి రూపురేఖ చాలు. లేకపోతే వారం పడుతుంది.

పొగగొట్టాలు మాత్రం వదలకండి. గది గదికీ నిప్పుగూడు ఉండేది కాబట్టి కప్పు మీద అవి గుంపులుగా ఉంటాయి. స్నానాలగదులే కరువు. అగ్గి అంటుకోకుండా వేసిన కాంక్రీటు అంతస్తుల్లోంచి తర్వాత పైపులు లాగడం కష్టమైంది. 1935లో హోటల్ మూతపడటానికి అదీ ఒక కారణమే. 2011లో మళ్లీ హోటల్‌గానే తెరిచారు.

బురుజు ఇప్పుడు గీయండి. అరచేతి కింద తెల్లకాగితం పెట్టుకోండి. బెజవాడ చెమటకి పెన్సిల్ గీత ఇట్టే అలుక్కుపోతుంది.