ఫెరెట్‌కి రేబిస్ టీకా: చెంచాడు నూనెతో

టీకా అనగానే ఫెరెట్ (ముంగిసలా సన్నగా పొడుగ్గా ఉండే చిన్న పెంపుడు జంతువు) పాములా మెలికలు తిరుగుతుంది, ఒక పట్టాన చేతికి చిక్కదు. గట్టిగా అదిమిపెట్టే బదులు ఇలా చేసి చూడండి.

చిన్న సీసాలో సాల్మన్ చేప నూనె పట్టుకెళ్లండి. డాక్టర్ సిరంజి సిద్ధం చేసుకున్నాక 4-5 చుక్కలు చెంచాలో వేసి మూతి దగ్గర పెట్టండి. నాలుక ఆడడం మొదలయ్యాకే చర్మం కింద సూది వేయమనండి. చెంచా ఖాళీ అవకుండా ఒక్కో చుక్కా వేస్తూ ఉండాలి, అసలు కిటుకు అదే. చాలావాటికి సూది గుచ్చిన సంగతే తెలీదు. తీపి పేస్టులు మాత్రం వద్దు, ఫెరెట్లకి చక్కెర పడదు.

మొదటి డోసు 3 నెలల వయసు నిండాక, తర్వాత ఏడాదికోసారి. ఫెరెట్లకి ఆమోదం ఉన్న టీకాయేనా అని ముందే అడగండి, కుక్కలకి వాడేవన్నీ వీటికి పనికిరావు. డిస్టెంపర్ అనే వైరస్ జబ్బుకి వేసే టీకా కూడా ఉంటే అదే రోజు కాకుండా రెండు మూడు వారాల ఎడం ఇమ్మనండి.

గతంలో టీకా తర్వాత వాంతులో విరేచనాలో అయిన ఫెరెట్‌కి ఈ నూనె చిట్కా వద్దు. ఆ సంగతి సూదికి ముందే డాక్టర్‌కి చెప్పాలి. ఏ ఫెరెట్‌కైనా టీకా అయ్యాక అరగంట అక్కడే కూర్చోండి. చిగుళ్లు పాలిపోయినా, మొహం వాచినా వెంటనే చూపించొచ్చు.