మెయిన్ బ్రాంచ్ బిల్డ్ పాత వెర్షన్ నంబరే చూపిస్తుంటే

సమస్య: కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లో ఉన్న ప్రాజెక్టు ఇది. 1.4.0 విడుదలైనా, మెయిన్ బ్రాంచ్ (అభివృద్ధి సాగే ప్రధాన శాఖ) నుంచి వచ్చే బిల్డ్ (కోడ్ నుంచి తయారైన ప్రోగ్రాం) తన పేరు 1.3.0-212, అంటే 1.3.0 తర్వాత 212 కమిట్‌లు (నమోదైన మార్పులు), అనే చెబుతోంది.

ముందుగా బిల్డ్ జరిగే యంత్రంలో «గిట్ ట్యాగ్» అని కొట్టి చూడండి. ఏమీ రాకపోతే, ఆ క్లోన్‌లోకి (ఆ యంత్రంలోని కోడ్ నకలులోకి) ట్యాగులు, అంటే కమిట్‌లకు తగిలించే వెర్షన్ పేర్లు, రానే లేదు. బిల్డ్‌లను తనంతట తాను నడిపే గిట్‌హబ్ యాక్షన్స్‌లో కోడ్‌ను తెచ్చే చెకౌట్ అడుగు మామూలుగా ఒక్క కమిట్‌నే తెస్తుంది కనుక, ఫెచ్-డెప్త్ విలువను 0 చేయాలి. అర నిమిషం పట్టే ఈ పరీక్షను వదిలేసి స్క్రిప్టులన్నీ తిరగరాసేవారిని చాలామందిని చూశాను. దయచేసి దీన్ని దాటవేయకండి.

ట్యాగులన్నీ ఉన్నా నంబరు తప్పుగానే వస్తుంటే అసలు చిక్కు వేరే చోట ఉంది. ఒక ప్రాజెక్టులో నాకు రెండు రోజులు దీనికే పోయాయి. బిల్డ్‌కు వెర్షన్ పేరు ఇచ్చే ఆదేశం «గిట్ డిస్క్రైబ్». అది ప్రస్తుత కమిట్ నుంచి దాని పూర్వపు కమిట్‌ల మీదుగా వెనక్కి నడుస్తూ, దారిలో ఎదురైన ట్యాగునే తీసుకుంటుంది. 1.4 కోసం విడుదల బ్రాంచ్‌ను వేరు చేసి, చివరి సవరణలు అక్కడే చేసి, 1.4.0 ట్యాగును కూడా అక్కడే వేస్తే, ఆ కమిట్ మెయిన్‌కు పూర్వం కాదు. జాబితాలో ట్యాగు కనిపిస్తుంది కాబట్టి అనుమానం అటు పోదు. «గిట్ ట్యాగ్ --మెర్జ్‌డ్ మెయిన్» అని అడిగితే వచ్చే జాబితాలో 1.4.0 లేకపోతే కారణం ఇదే.

పరిష్కారంగా విడుదల బ్రాంచ్‌ను తిరిగి మెయిన్‌లో కలపవచ్చు గానీ, రెండు బ్రాంచ్‌లలోనూ మారిన వెర్షన్ ఫైలు దగ్గర ప్రతిసారీ ఘర్షణ (దేన్ని ఉంచాలో గిట్‌కు తెలియని స్థితి) వస్తుంది. బ్రాంచ్ వేరు చేసిన వెంటనే మెయిన్‌లో ఒక కొత్త కమిట్ చేసి, దానిపై 1.5.0-ఆల్ఫా.0 ట్యాగు వేయడమే మేలు. బ్రాంచ్‌లు విడిపోయిన కమిట్‌పైనే వేస్తే మాత్రం విడుదల బ్రాంచ్ కూడా తనను 1.5.0గా చెప్పుకుంటుంది. పైథాన్ భాష ప్రధాన అమలు అయిన సీపైథాన్‌లోనూ మెయిన్ నంబరును ఇలాగే ముందుకు జరుపుతారు: 2024 మేలో 3.13 వేరైనప్పుడు మెయిన్ 3.14.0ఎ0 (ఎ అంటే ఆల్ఫా) అయింది. ట్యాగును «-ఎ» ఆప్షన్‌తోనే వేయండి. సందేశం లేని తేలికపాటి ట్యాగును డిస్క్రైబ్ మామూలుగా పట్టించుకోదు.

కొత్త బిల్డ్‌ను ప్యాకేజీ మేనేజరు పాతదిగా లెక్కిస్తుంటే, డిస్క్రైబ్ ఇచ్చిన వెర్షన్ పేరును యథాతథంగా వాడుతున్నారేమో చూడండి. సెమాంటిక్ వెర్షనింగ్ అనే వెర్షన్ నంబర్ల నియమావళిలో హైఫన్ తర్వాతిదంతా విడుదలకు ముందటి దశ కనుక, 1.4.0-12 అనేది 1.4.0 కన్నా చిన్నది. అందుకే 1.5.0-ఆల్ఫా.0.12 అని చుక్కలతో మార్చి రాయాలి. చుక్క లేకుండా రాస్తే అక్షర క్రమంలో పోల్చడం వల్ల ఆర్‌సీ10 (ఆర్‌సీ అంటే విడుదలకు ముందటి తుది ప్రయత్నం) అనేది ఆర్‌సీ9 కన్నా పాతదిగా లెక్కకు వస్తుంది.

లినక్స్ 2.5 కాలంలోలాగా వెర్షన్‌లోని రెండో అంకె బేసి అయితే దాన్ని అభివృద్ధికి కేటాయించే పాత స్క్రిప్టు ఎక్కడైనా మిగిలి ఉంటే, ఆ షరతును తీసేస్తే సరిపోతుంది.