రాగి బుల్లెట్‌తో పెద్ద జంతువుల వేట: గాయం చిన్నదైతే, గురి చెదిరితే, జాడ దొరకకపోతే

కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి ఏ వన్యప్రాణిని తుపాకితో వేటాడాలన్నా సీసం లేని తూటాలే వాడాలన్న నిబంధన పూర్తిగా అమల్లోకి వచ్చింది. 2013లో చేసిన చట్టం దీనికి ఆధారం. కాండర్ రాబందులు తిరిగే ప్రాంతాల్లో మాత్రం 2008 నుంచే ఈ నిబంధన ఉంది. వేటగాడు అడవిలో వదిలేసిన పేగుల్లోని సీసపు తునకలను తిని ఆ రాబందులు చనిపోతున్నాయని తేలడమే ఇందుకు కారణం. 1982 నాటికి అవి మొత్తం 22 మాత్రమే మిగిలాయి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది కాబట్టి, ఇక్కడ రాసేదంతా అమెరికా వంటి దేశాల్లో లైసెన్సు తీసుకుని, అనుమతించిన కాలంలో జింకనో, ఎల్క్ అనే పెద్ద జింకనో, అడవి పందినో వేటాడేవారికి మాత్రమే వర్తిస్తుంది.

రాగి బుల్లెట్ మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం బుల్లెట్ లోపాలు కావు. సీసంతో అలవాటైన దూరాన్ని, బరువును, గురి పెట్టే చోటును మార్చుకోకుండా రాగికి అలాగే వర్తింపజేయడం వల్ల వచ్చే ఇబ్బందులు. ఒక్కో లక్షణాన్ని పట్టుకుని కారణం దగ్గరికి వెళితే ఈ సంగతి స్పష్టమవుతుంది.

లక్షణం: బుల్లెట్ తగిలింది, కానీ లోపలికి వెళ్ళిన రంధ్రం, బయటికి వచ్చిన రంధ్రం రెండూ వేలెడంతైనా లేవు, జంతువు చాలా దూరం పరుగెత్తింది.

ఇది అన్నింటికంటే ముఖ్యమైనది, అన్నింటికంటే ఎక్కువగా అపార్థం చేసుకునేది. మెత్తని సీసం తక్కువ వేగంలో కూడా నలిగి వెడల్పవుతుంది. రాగి గట్టి లోహం కాబట్టి దానికి కొన దగ్గర ఒక గుంట చేస్తారు. జంతువు శరీరంలోని తడి ఆ గుంటలోకి ఒత్తిడితో చొచ్చుకుపోయినప్పుడే చుట్టూ ఉన్న గోడ చీలి, సాధారణంగా నాలుగు రేకులుగా వెనక్కి విచ్చుకుంటుంది. ఈ తరహా బుల్లెట్లకు దారి చూపినది 1989లో వచ్చిన బార్న్స్ ఎక్స్ బుల్లెట్. తర్వాత వచ్చిన రకాల్లో చాలావాటికి ఆ గుంటలో ప్లాస్టిక్ కొన బిగించారు. అది తగిలిన క్షణంలో లోపలికి నెట్టుకుపోయి విచ్చుకోవడాన్ని త్వరగా మొదలుపెడుతుంది. ఎన్ని మెరుగులు దిద్దినా, తగిలేటప్పుడు తగినంత వేగం లేకపోతే రేకులు విచ్చుకోవు, బుల్లెట్ సన్నని కడ్డీలా దూసుకుపోతుంది.

కనుక వెతకవలసిన మొదటి కారణం తగిలిన వేగం. తయారీదారు ప్రతి బుల్లెట్‌కూ అది విచ్చుకోవడానికి కావలసిన కనీస వేగాన్ని ప్రకటిస్తాడు. చాలా రకాలకు అది సెకనుకు 1,800 అడుగుల చుట్టుపక్కల ఉంటుంది. అది కేవలం విచ్చుకోవడం మొదలయ్యే హద్దు మాత్రమే. బాగా విచ్చుకోవాలంటే 2,000 అడుగుల కంటే తగ్గకుండా చూసుకోవాలన్నది నా అభిప్రాయం. .308 విన్చెస్టర్ అనే తూటాలో 150 గ్రెయిన్ల (దాదాపు 9.7 గ్రాముల) రాగి బుల్లెట్ పొడవైన బారెల్ నుంచి దాదాపు 2,800 అడుగుల వేగంతో బయలుదేరితే, 400 గజాల దగ్గర 2,000 అడుగులకు కొంచెం దిగువకు వస్తుంది. అదే తూటాను 16 అంగుళాల పొట్టి బారెల్ నుంచి పేలిస్తే మొదట్లోనే వేగం రెండు వందల అడుగుల దాకా తగ్గిపోతుంది, అంటే దాదాపు వంద గజాల దూరాన్ని వదులుకున్నట్టే. తూటాల పెట్టె మీద అచ్చువేసిన వేగం సాధారణంగా 24 అంగుళాల బారెల్‌తో కొలిచినది. మీ తుపాకి వేగం అది కాకపోవచ్చు. క్రోనోగ్రాఫ్‌తో సొంత తుపాకి వేగాన్ని కొలుచుకుని, బుల్లెట్ గమనాన్ని చెప్పే బాలిస్టిక్ లెక్కల సాయంతో 2,000 అడుగులకు ఎన్ని గజాల దగ్గర దిగుతుందో చూసుకుని, ఆ దూరం దాటితే ట్రిగ్గర్ నొక్కకూడదని ముందే నిశ్చయించుకోవాలి.

రెండో పరిష్కారం చాలామందికి మింగుడుపడదు: ఒక మెట్టు తేలికైన బుల్లెట్‌ను ఎంచుకోవడం. సీసపు బుల్లెట్ లోపలికి వెళుతూ బరువు కోల్పోతుంది కాబట్టి పెద్ద జంతువుకు బరువైన బుల్లెట్ కావాలన్న నియమం ఏర్పడింది. రాగి బుల్లెట్ సాధారణంగా తన బరువులో 95 శాతానికి పైగా నిలుపుకుంటుంది కాబట్టి, 180 గ్రెయిన్ల సీసం చేసే లోతును 150 లేదా 165 గ్రెయిన్ల రాగి అందుకోగలదు, పైగా వేగం మిగులుతుంది. .30-30 వంటి నెమ్మది తూటాలకూ, .300 బ్లాకౌట్‌కూ తక్కువ వేగంలోనే విచ్చుకునేలా ప్రత్యేకంగా తయారుచేసిన రాగి బుల్లెట్లు ఉన్నాయి; వాటి స్థానంలో వేగవంతమైన తూటాల కోసం చేసిన బుల్లెట్‌ను వాడకండి.

లక్షణం: జంతువుకు ఊపిరితిత్తుల్లోనే తగిలింది, బుల్లెట్ విచ్చుకుంది కూడా, అయినా నెత్తుటి జాడ సన్నగా ఉంది, జంతువు వంద గజాలు దాటింది.

ఇక్కడ కారణం గురి పెట్టిన చోటు. సీసపు బుల్లెట్ నుంచి రాలిన తునకలు చుట్టూ చెదిరి, తన దారికి పక్కనున్న కండరాలనూ ఊపిరితిత్తులనూ చీల్చేవి. రాగి అలా తునకలు రాల్చదు కాబట్టి గాయం దారి లోతుగా, తిన్నగా, కొంత ఇరుకుగా ఉంటుంది. ముందుకాలి జబ్బ వెనక, పక్కటెముకల మధ్య కొట్టే పాత అలవాటు మాంసాన్ని కాపాడటానికి మంచిదే, చావు కూడా తప్పదు. కానీ రెండు ఎముకల సందున మెత్తని ఊపిరితిత్తులను మాత్రమే దాటిన రాగి బుల్లెట్‌కు ఎదురయ్యే అడ్డు తక్కువ. గురిని కొంచెం ముందుకు, శరీరం ఎత్తులో కింది మూడో వంతుకు జరపాలి. అప్పుడు జబ్బ ఎముకో, గుండె పైభాగంలోని పెద్ద రక్తనాళాలో దారిలో వస్తాయి, బుల్లెట్ కిందిభాగంలోంచి బయటికి వస్తే నెత్తురు నేల మీద పడుతుంది. ఎముకను దాటి కూడా లోతుకు వెళ్ళగలగడమే రాగికి ఉన్న బలం, దాన్ని వాడుకోవాలి. తగిలాక జంతువు కనబడకుండా పోతే తొందరపడి వెంటపడకండి; అరగంట ఆగి, మొదట తగిలిన చోటుకు వెళ్ళి, వెంట్రుకలనూ నెత్తుటి రంగునూ చూసి, ప్రతి చుక్క దగ్గరా గుర్తు పెట్టుకుంటూ నడవాలి. పచ్చటి జీర్ణపదార్థం కనబడితే పొట్టలో తగిలినట్టే, అప్పుడు గంటల తరబడి ఆగడం అవసరం.

ఇదే బలానికి ఇంకో వైపు ఉంది. రాగి బుల్లెట్ జింకను దాటి ఎంతో శక్తితో బయటికి వస్తుంది కాబట్టి, వెనక ఇంకో జంతువు ఉంటే దానికీ తగులుతుంది. మందలో ఉన్న ఎల్క్ మీద గురిపెట్టే ముందు అది ఒంటరిగా నిలబడే దాకా ఆగాలి, దాని వెనక మట్టి గుట్టో వాలో ఉందో లేదో చూడాలి.

లక్షణం: కాల్పులు సాధన చేసే రేంజ్‌లో గురి చెదురుతోంది, అదే తుపాకి సీసంతో చక్కగా కొట్టేది.

సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.3 గ్రాములు, రాగిది 8.96 గ్రాములు. ఒకే బరువుకు రాగి బుల్లెట్ పొడవుగా ఉండక తప్పదు, పొడవైన బుల్లెట్ నిలకడగా ఎగరాలంటే బారెల్ లోపలి మెలిక (బుల్లెట్‌ను గిరగిరా తిప్పే గాడి) బిగువుగా ఉండాలి. .243 విన్చెస్టర్ తుపాకుల్లో 10 అంగుళాలకు ఒక చుట్టు మెలిక సాధారణం. వాటిలో 100 గ్రెయిన్ల సీసం బాగా నడిచిందని రాగిలోనూ అదే బరువును వెతకడం సరికాదు, 80 గ్రెయిన్ల దగ్గర బుల్లెట్ చక్కగా నిలబడుతుంది. గురి కాగితం మీద రంధ్రాలు గుండ్రంగా కాక ఒక పక్కకు సాగినట్టుంటే బుల్లెట్ అడ్డం తిరుగుతోందని అర్థం, దానికి వేరే పరిష్కారం లేదు, తేలికైనదాన్ని ఎంచుకోవాలి.

రంధ్రాలు గుండ్రంగానే ఉండి గురి మాత్రం చెదురుతుంటే బారెల్‌ను చూడండి. పాత సీసపు బుల్లెట్ల తొడుగు మిశ్రమలోహం వదిలిన పొర మీద రాగిని పేలిస్తే మొదట్లో కుదరకపోవచ్చు. రాగిని కరిగించే ద్రావకంతో, నైలాన్ కుంచెతో బారెల్‌ను శుభ్రం చేస్తూ, గుడ్డ మీద నీలి, పచ్చ మరకలు రావడం ఆగేదాకా కొనసాగించాలి. కంచు కుంచె వాడితే అది కూడా కరిగి మరకలు వస్తాయి, మోసపోతారు. ఆపైన కొన్ని తూటాలు పేల్చి స్థిరపడనిచ్చి, అప్పుడు గురి సరిచేసుకోవాలి. సీసం తూటాతో చేసుకున్న గురి రాగి తూటాకు పనికిరాదు, వేటకు వాడే పెట్టెతోనే చేసుకోవాలి.

లక్షణం: తుపాకి బోల్ట్ (తూటా వెనక మూసే కడ్డీ) ఎత్తడానికి గట్టిగా ఉంది, ప్రైమర్ (తూటా అడుగున మందును అంటించే బిళ్ళ) చదునై పోయింది.

తూటాలను సొంతంగా నింపుకునేవారికే ఇది ఎక్కువగా ఎదురవుతుంది. పొడవైన బుల్లెట్ మందు నింపే కేస్ లోపల స్థలాన్ని ఆక్రమించి పీడనాన్ని పెంచుతుంది. సీసపు బుల్లెట్ లెక్కలను రాగికి ఎప్పుడూ వాడకూడదు. ఆ బుల్లెట్ కోసమే ప్రచురించిన పట్టికలోని కనిష్ఠ స్థాయి నుంచి మొదలుపెట్టి, ఇలాంటి సంకేతం కనబడిన క్షణమే ఆపేయాలి.

లక్షణం: పెట్టె చూస్తే రాగి రంగులో ఉంది, అధికారి మాత్రం నిబంధనకు విరుద్ధం అన్నారు.

సీసపు బుల్లెట్లకు కూడా పైన రాగి మిశ్రమ తొడుగు ఉంటుంది కాబట్టి రంగును నమ్మకూడదు. కాలిఫోర్నియాలో సీసం బరువులో ఒక శాతానికి మించకూడదు. పెట్టె మీద సీసం లేనిదని స్పష్టంగా ఉన్న తూటానే కొని, ఆ పెట్టెను వేటకు తీసుకెళ్ళండి.

లక్షణం: మాంసం కోస్తుంటే లోపల ఒక రేకు విడిగా దొరికింది, బుల్లెట్ మొత్తంగా బయటికి రాలేదు.

దగ్గరి దూరంలో, గరిష్ఠ వేగంతో, పెద్ద ఎముకను కొట్టినప్పుడు ఒకటి రెండు రేకులు తెగిపోవచ్చు; మిగిలిన కాండం ముందుకు సాగుతూనే ఉంటుంది కాబట్టి ఇది వైఫల్యం కాదు. కొన్ని రకాల్లో రేకులు రాలేలాగే రూపొందిస్తారు. సీసం విషయం వేరు: 2008లో నార్త్ డకోటాలో ఆహార నిల్వశాలలకు దానంగా వచ్చిన జింక మాంసంలో సీసపు తునకలు ఉన్నాయని స్కాన్‌లలో తేలి, ఆ మాంసాన్ని పంచవద్దని ఆరోగ్యశాఖ సూచించింది, కంటికి కనబడని ధూళిలా సీసం గాయం చుట్టూ చెదరడమే కారణం. రాగి రేకు పెద్దది, వేలికి తగులుతుంది, తీసేస్తే సరిపోతుంది. గాయం చుట్టూ నలిగి నల్లబడిన భాగాన్ని మాత్రం కోసి వేరుచేసి, మిగతా మాంసాన్ని వండుకోవచ్చు.